పద్నాలుగో అంకె

మొయినుద్దీన్ సారు రాసిన ప్రోగ్రాంలో
నూట పన్నెండో లైను మీద ఒక హెచ్చరిక:
"దీన్ని ముట్టుకోకుండ్రి. ఎందుకో నాకూ యాదిలేదు."

ముప్ఫై ఏండ్ల కింద
కాజీపేట పట్టాల చప్పుడు వినొచ్చే గదిలో
ఒక్క ప్రాసెసర్ కోసం ఒక్క మనిషి రాసింది.
చాంతాడంత సమీకరణాలను
తస్బీ పూసల తీరు
ఒకటి జరిపినంకనే ఇంకొకటి జరుపుతది.

భూపాలపల్లి గనిలో
నెత్తి మీది రాయి ఎంత బరువు మోస్తున్నదో
షిఫ్టు దిగకముందే
ఇప్పటికీ అదే చెప్పాలె.

ఇప్పుడు నా ముందున్న డబ్బాలో పదహారు కోర్లు.
తెర మీద చూస్తే ఒక్కటే సలసల కాగుతున్నది.
తక్కిన పదిహేను
పొద్దున ములుగు రోడ్డు అడ్డా మీద
పారకట్టెకు గడ్డం ఆనించి
మేస్త్రీ కోసం చూసే కూలీల తీరు.

పంచిన.
మాత్రికను పదహారు చెక్కలు కోసి తలా ఒకటి ఇచ్చిన.
మొదటి రాత్రి రాయి బరువు మైనస్‌లో వచ్చింది.
అంటే కప్పు కూలితే
రాయి ఆకాశంలోకి పడుతదన్నట్టు.
ఇద్దరు ఒకే గడిలో ఒకే క్షణాన రాసి
ఒకరి లెక్కను ఒకరు తుడిచేసుకున్నరు.

తాళం పెట్టిన.
ఒకరు లోపలుంటే తక్కినోళ్ళు బయట.
ఇగ చూడాలె,
ఔటర్ సిగ్నల్ దగ్గర గూడ్సు వెనుక గూడ్సు,
పదహారు ఇంజన్లకు ఒక్క పచ్చలైటు.
సారు ప్రోగ్రాం ఒంటిగ నలభై ఒక్క నిమిషాల్లో చేసే పనిని
నా పదహారుగురు
గంటకు పైనే చేసిండ్రు.

ఆదివారం కొత్తవాడకు పోయిన.
లెక్క కోసం కాదు,
సర్వర్ గదిలో కింద పరుచుకునేందుకు
ఒక జంపఖానా కోసం.
మగ్గం మీద ఇద్దరు:
ఆడెపు భద్రమ్మ, ఆమె మేనత్త కనకలచ్చమ్మ.
ఒకటే పడుగు. ఇద్దరి పేకలు
నడుమ ఎక్కడనో కలుసుకోవాలె.
అత్త దిక్కు జానెడు తక్కువున్నది.
"సగం సగం కాదా?" అన్న.
భద్రమ్మ తల ఎత్తలేదు.
"అత్తకు కండ్లు మసక. సగమిస్తే
నాది ఒడిసి నేను ఊకె కూసోవాలె గదా.
సమానంగ పంచుడు కాదు బిడ్డా,
సమానంగ ఒడిసేటట్టు పంచాలె."
ఇద్దరి పంజాలు ఒక్కపాలే పడ్డయి.

బేరం చెయ్యడం మరిచిన.

సోమవారం తాళాలన్నీ తీసేసిన.
ఎవరి మొత్తం వాళ్ళ ఒడిలోనే,
వరుస చివర మాత్రం ఒక పంజా దెబ్బ.
రాయి గట్టిగున్న చోట పెద్ద చెక్క,
పగుళ్ళున్న చోట చిన్నది.
తనది ఒడిసినోడు
పక్కోని కుప్పలోంచి గుప్పెడు తీసుకోవచ్చు.
మూడు నిమిషాల పది సెకన్లు!

కానీ నడిపినప్పుడల్లా
పద్నాలుగో అంకె మారుతున్నది.
ఒకపాలి ఏడు. ఒకపాలి తొమ్మిది.
మల్ల ఏడు.

సుబేదారికి ఫోన్ చేసిన.
సారు చాలాసేపు మాట్లాడలేదు.
వెనుక కుక్కర్ మూడు ఈలలు వేసింది.
"కూడికలో ఎవరు ముందు, ఎవరు వెనుక?"
"ఎవరిది ముందు ఒడిస్తే వాళ్ళు, సార్."
"మరి మారదా? పెద్ద అంకెలో చిన్నది వేస్తే
కొస తెగిపడుతది. ఏది ఎప్పుడు తెగుతదో
నీ పదహారుగురికే తెల్వాలె."
"ఏది తప్పు సార్, ఏడా, తొమ్మిదా?"
నవ్విండు.
"రెండూ. మా కాలంల ఒక్కటే తప్పు
దినాం అట్లనే వచ్చేది.
అందుకే దాన్ని నిజమనుకున్నం."

పెట్టేసేవాడే, ఆగిండు.
"నూట పన్నెండు... అవునవును.
కూడకముందు అంకెలను వరుస పెడుతది.
చిన్నయి ముందు. అయన్నీ జమై
ఒక బరువు అయినంకనే
పెద్దదాని పక్కకు పోవాలె.
లేకుంటే లెక్కలకే రావు."

గనికి ఆరు అంకెలు చాలు.
పద్నాలుగోది ఏడైనా తొమ్మిదైనా
షిఫ్టు దిగుతది, ఎక్కుతది.

అయినా ఈ రాత్రి జంపఖానా మీద కూర్చొని
పదహారు చోట్లా ఆ లైను పెట్టుకుంటూ వచ్చిన.
హెచ్చరికను తీసెయ్యలేదు.
దాని కింద ఇంకో ముక్క రాసిన:
"చిన్నయి ముందు. సారుకు యాదికొచ్చింది."